ముక్కు గొట్టం ఆహారానికి టైము ఎవరు రాస్తారు?

సంపాదకుడికి,

అయ్యా, సెలైన్ పెడితే సీసా మీద తేదీ, టైము రాస్తాం. రైల్స్ ట్యూబ్‌లో, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టంలో, పోసే ఆహారానికి మాత్రం ఆ పట్టింపే కనబడదు. స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి కన్ను ముందు అక్కడికే పోతుంది. ఈమధ్య బంధువును చూడటానికి ఒక ఆసుపత్రికి వెళ్తే, పక్క మంచం మీద పక్షవాతం వచ్చిన పెద్దాయన. లాకర్ మీద స్టీలు గ్లాసులో పొద్దున కలిపిన పొడి పాలు, మూతగా స్కానింగ్ రిపోర్టు. 50 మి.లీ. సిరంజిని కొళాయి కింద కడిగి, తడి ఆరకుండానే పాత కవర్లో దోపేస్తున్నారు. “రెండు గంటలకోసారి 200 పెట్టండమ్మా” అని సిస్టర్ చెప్పి వెళ్ళింది. ఎలా కలపాలో, మిగిలింది ఏంచేయాలో చెప్పే తీరిక ఆమెకు లేదు. ఆ అమ్మాయిని గానీ, అటెండెంటుగా కూర్చున్న కోడల్ని గానీ తప్పుపట్టలేం.

డబ్బాలో పొడి అంటే పరిశుభ్రమనే అనుకుంటాం. కానీ అది స్టెరైల్ కాదు, అంటే సూక్ష్మక్రిములు బొత్తిగా లేనిది కాదు. 2001లో అమెరికాలోని టెన్నెసీలో నవజాత శిశువుల ఐసీయూలో ఒక పసికందు మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపుతో) చనిపోతే, అదే బ్యాచ్‌కు చెందిన, మూత కూడా తీయని పాలపొడి డబ్బాల్లో ఆ జబ్బు తెచ్చిన బ్యాక్టీరియా దొరికింది. మన వార్డుల్లో దానికి తోడు చేతులు, నీళ్ళ క్యాను, మిక్సీ గిన్నె, సిరంజి. క్లెబ్సియెల్లా, ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా చేరడానికి ఇన్ని దారులు. అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా ఒక్కటి చాలు, 4 గంటల్లో 4 వేలు దాటుతుంది, 8 గంటల్లో కోటిన్నర దాటుతుంది. మన వేసవిలో వార్డులో ఆ వేడికేం కొదవ?

మామూలు మనిషికైతే కడుపులోని ఆమ్లం కొంత కాపు కాస్తుంది. గొట్టం పెట్టిన రోగుల్లో చాలామందికి ఆ ఆమ్లాన్ని తగ్గించే ప్యాంటాప్రజోల్ మందు నడుస్తూ ఉంటుంది, ఆ కాపూ తగ్గిపోతుంది. తర్వాత విరేచనాలు పట్టుకుంటే “ఫీడ్ పడలేదు” అంటారు, లేదా యాంటీబయాటిక్ వల్ల అంటారు. యాంటీబయాటిక్ వల్ల కావడం మామూలే, కాదనను. కానీ గ్లాసును అనుమానించేవాళ్ళు అరుదు.

ఇంటి నుంచి తెచ్చే రాగి జావ వద్దనడం లేదు. సీల్డ్ బ్యాగుల ఫీడ్ అందరూ కొనగలరా? అయితే జావను ఫ్లాస్కులో గోరువెచ్చగా సాయంత్రం దాకా ఉంచితే బ్యాక్టీరియాను పెంచినట్టే. ఏ పూటది ఆ పూట కాచి తేవాలి.

నియమాలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కలిపిన పొడి బయట 4 గంటలు, తయారుగా సీసాలో వచ్చే స్టెరైల్ ద్రవాహారం వంచాక 8 గంటలు, ఆ పైన పారబోయాల్సిందే. పొడిని కాచి చల్లార్చిన నీళ్ళతో, ఒక్క పూటకు సరిపడానే కలపాలి. ఇదంతా తెలుగులో ఒక కాగితం మీద అచ్చేసి అటెండెంటు చేతికివ్వడం, ఫీడ్ మీద కలిపిన టైము రాసిన స్టిక్కర్ అంటించడం ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. అలాగే గొట్టం రోగికి విరేచనాలు మొదలైతే మలం శాంపిల్‌తో పాటు ఆ పూట ఫీడ్ కూడా మైక్రోబయాలజీకి పంపాలి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు