హైదరాబాద్ 1 గంట 8 నిమిషాలు కాదు, మా కార్డు చించేయండి

మా దగ్గర టికెట్లు చేయించుకునే అందరికీ నమస్కారం. సంక్రాంతికి పంచిన జేబు క్యాలెండర్ కార్డు ఇంట్లో ఉంటే దయచేసి చించేయండి. విశాఖ నుంచి ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లు, విమానం ఎంతసేపు అని వెనకవైపు వేసిన పట్టిక తప్పు. దాన్ని నమ్మి, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విడిగా టికెట్ తీసుకున్న కుటుంబం ఆ విమానం అందుకోలేకపోయింది. కార్డు మీద మా పేరుంది, తప్పు మాదే. వాళ్ల కొత్త టికెట్‌కి అయిన తేడా మేమే కట్టాం.

పట్టిక ఇచ్చింది మాకు బుకింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు. దూరాలు బాగానే ఉన్నాయి: సూటిగా కొలిస్తే హైదరాబాద్ సుమారు 510 కిలోమీటర్లు, చెన్నై 615, బెంగళూరు 775, ఢిల్లీ 1,355. సమయం మాత్రం టైమ్‌టేబుల్ చూసి వేసింది కాదు. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఒక అరగంట కలిపేశారు. హైదరాబాద్‌కి 38 నిమిషాలకి 30 కలిపితే వచ్చిందే ఆ 1 గంట 8 నిమిషాలు.

ఏ విమానమూ గీత గీసినట్టు పోదు. 510 కిలోమీటర్ల దూరంలో జెట్ పైకెక్కి పూర్తి వేగం అందుకునేసరికే దిగడం మొదలుపెట్టాలి. మన రన్‌వే నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాది, వంతు వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. అందుకే జెట్‌కి టికెట్ మీద గంటంబావు, ఆపైన వేస్తారు. పంకాల ఏటీఆర్ అయితే దాని వేగమే గంటకు 500 చిల్లర, గంటన్నర దాటుతుంది. చలికాలం ఢిల్లీ వెళ్లేటప్పుడు పడమటి గాలి ఎదురు, వచ్చేటప్పుడు అదే గాలి తోస్తుంది. రెండు వైపులా ఒకే అంకె వేసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. సాఫ్ట్‌వేర్ వాళ్లని అడిగితే "సుమారు అని అర్థం చేసుకోవాలి కదా" అన్నారు. ఆ "సుమారు" పట్టికలో ఎక్కడా లేదు. వాళ్లతో లెక్క తేల్చేసుకున్నాం.

ఇక చాలా రోజులు తేల్చుకోలేకపోయిన సంగతి. విడివిడి టికెట్లతో విమానం మారేవాళ్లకు మధ్యలో 4 గంటలు లేకపోతే మేం ఇకమీదట బుక్ చేయం. ఒకే పీఎన్ఆర్ (మొత్తం ప్రయాణానికి ఒకే బుకింగ్ నంబరు) మీద తీసుకుంటే ఖర్చు ఎక్కువ, బేరాలు పోతాయి, తెలుసు. కానీ లెక్క చూడండి. శంషాబాద్‌లో దిగి బెల్టు దగ్గర సామాను తీసుకునేసరికి 40 నిమిషాలు. బయటికొచ్చి పై అంతస్తులో డిపార్చర్స్‌కి చేరి వరుసలో నిలబడటానికి మరో అరగంట. విదేశీ విమానాల కౌంటర్ గంట, గంటంబావు ముందే మూసేస్తారు. అన్నీ సవ్యంగా జరిగితేనే దాదాపు రెండున్నర గంటలు. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైతే ఆ నాలుగూ సరిపోతాయి. విడి టికెట్ కాబట్టి రెండో సంస్థకు మీ ఆలస్యంతో సంబంధం ఉండదు, టికెట్ డబ్బు మామూలుగా తిరిగి రాదు. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థది. రెండు గంటల తేడాతో ఇంకెవరైనా చేసిస్తామంటే అక్కడే తీసుకోండి, నేను మాత్రం చేయను.

ఇప్పటికే 4 గంటలకన్నా తక్కువ తేడాతో మా దగ్గర తీసుకున్నవాళ్లు 11 మంది ఉన్నారు. ఈ వారంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం. తేదీ మార్చుకుంటే మా సర్వీస్ చార్జీ ఉండదు, విమాన సంస్థ వేసేది మాత్రం మీరే కట్టాలి. కొత్త కార్డులు ద్వారకానగర్ ఆఫీసులో ఉన్నాయి. వాటి మీద కిలోమీటర్లు మాత్రమే వేశాం.