మన సంఘం వార్షిక నివేదిక: వెళ్లొచ్చినవాళ్లు, తిరిగిరాని అడాప్టర్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక రెండు నెలలు ఆలస్యంగా వస్తోంది, తప్పు నాదే. కార్యదర్శిగా ఉన్న నేనే మూడు నెలలు విదేశంలో ఉండి, "దానిదేముంది, అక్కడి నుంచే రాసి పంపిస్తాను" అని కోశాధికారి గారికి మాటిచ్చి, తీరా అక్కడికెళ్లాక వారంలో నాలుగు రోజులు కరెంటు లేక, ఉన్న మూడు రోజులూ ఫోను చార్జింగు కోసం క్యూలో నిలబడటానికే సరిపోక, మూడు నెలల్లో "సభ్యులందరికీ నమస్కారం" వరకే రాయగలిగాను. పైన ఉన్నది అదే వాక్యం, మార్చలేదు.

ఈ ఏడాది సంఘం తరఫున తొమ్మిది మంది విదేశాల్లో స్వచ్ఛంద సేవకి వెళ్లారు, ఎనిమిది మంది తిరిగొచ్చారు. కంగారు పడకండి, తొమ్మిదో ఆవిడ అక్కడి బడివాళ్లు అడిగితే ఇంకో ఆరు నెలలు ఉండిపోయారు. ఆవిడ సంగతి కిందికి వస్తుంది.

ముందు ఒక ఫారం గురించి చెప్పాలి. వెళ్లొచ్చినవాళ్లు నింపే ఫారంలో "మీ సేవ వల్ల ఎంతమందికి మేలు జరిగింది" అనే గడి ఒకటి ఉండేది. పోయినసారి ఒకాయన అందులో 300 అని రాశారు. చాలా సంతోషించాం. ఎవరా 300 మంది అని నెమ్మదిగా అడిగితే, అది ఆ బడిలో ఉన్న పిల్లల మొత్తం సంఖ్య అని తేలింది. ఆయన చెప్పింది ఒక్క తరగతికి, అందులో 11 మంది, వాళ్లలో ఇద్దరు ఎప్పుడూ రారు. ఆయన అబద్ధం చెప్పలేదు, గడి అలా ఉంది, అంతే. అందుకని ఈ ఏడాది ఆ గడి తీసేసి, "మీరు వెళ్లకపోయి ఉంటే ఆ పని ఎవరు చేసేవారు?" అని పెట్టాం. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం "అక్కడివాళ్లే చేసుకునేవారు". ఒకరైతే "ఇంకా త్వరగా" అని కూడా చేర్చారు. ఆ ఫారం ఆఫీసు గోడకి అంటించాం.

జపాన్‌లో వరద వచ్చిన ఊళ్లో ఇళ్లలోంచి బురద ఎత్తిపోయడానికి వెళ్లిన సభ్యుడి అనుభవం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా కార్యవర్గంలో అందరికీ అదే గుర్తుండిపోయింది. 1995 జనవరిలో కోబే భూకంపం వచ్చినప్పుడు పదిలక్షల మందికి పైగా సాయానికి కదిలారు. ఆ ఏడాదిని అక్కడివాళ్లు స్వచ్ఛంద సేవకు మొదటి ఏడాది అంటారు. అయితే అంతమంది ఒక్కసారిగా మీదపడితే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు విపత్తు వస్తే ఆ ఊళ్లోనే సేవకుల కేంద్రం తెరుస్తారు, అక్కడ పేరు రాయించుకోవాలి, బీమా ఉండాలి, బూట్లు, చేతి తొడుగులు, తాగే నీళ్లు, పడుకునే ఏర్పాటు అన్నీ ఎవరివి వాళ్లే చూసుకోవాలి. సాయానికి వచ్చినవాడు ఊరికి ఇంకో బరువు కాకూడదని.

మనవాడు మొదటిరోజు మంచి ఊపు మీద ఉన్నాడు. ఒక పెద్దావిడ ఇంట్లో బురదతో పాటు తడిసి ముద్దయిన కాగితాల కట్ట ఒకటి కనిపిస్తే పారతో ఎత్తి సంచిలో వేయబోయాడు. ఆవిడ ఏమీ అనలేదట, చేయి పట్టుకుని ఆపిందట. అవి ఫోటోలు. 2011 సునామీ తర్వాత అలాంటి ఫోటోలను ఒక్కొక్కటిగా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఎవరివి వాళ్లకి చేర్చడమే పనిగా పెట్టుకున్న బృందాలు ఉన్నాయి. మనవాడు మిగిలిన మూడు రోజులూ పార పక్కనపెట్టి, మెత్తటి బ్రష్షుతో ఒకే పెళ్లి ఆల్బమ్ కడిగాడు. ఎత్తిన బురద ఎంత అని అడిగితే "ఒకటిన్నర సంచి" అంటాడు. పాత ఫారంలో ఇది ఎక్కడా ఇమిడేది కాదు.

ఆ ట్రిప్పులోనే జరిగిన కెటిల్ కథ కూడా చెప్పేస్తాను. సంఘం కెటిల్ 230 వోల్టులది. జపాన్‌లో ప్లగ్గుల్లో వచ్చేది 100 వోల్టులు. అడాప్టర్ పెడితే సరిపోతుందనుకున్నాడు, కానీ అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. వోల్టేజి సగానికి తగ్గితే వేడి నాలుగో వంతుకి పడిపోతుంది, ఆ లెక్కన అక్కడ మన కెటిల్ పనిచేసేది దాదాపు ఐదో వంతు బలంతో. నీళ్లు మరగడానికి ఇక్కడ పట్టే టైముకి ఐదు రెట్లకు పైనే పట్టేదట. ఇదే తిరగేసి, 100 వోల్టుల సామాను తెచ్చి 230లో పెడితే ఏమవుతుందో మన ఆఫీసు గోడమీద నల్లటి మచ్చ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక టైము గొడవలు. ఈ ఏడాది సంఘం సమయంలో ఎక్కువ భాగం టైము లెక్కపెట్టడానికే పోయిందంటే నమ్మండి. నేపాల్‌లో లెక్కలు చెప్పడానికి వెళ్లిన మన తొమ్మిదో ఆవిడతో నెలకోసారి ఫోన్ మీటింగ్ ఉండేది. నేపాల్ గడియారం గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందు. అరగంట తేడా అందరికీ అలవాటే, ఈ ముప్పావు గంట మాత్రం ఎవరి బుర్రకీ ఎక్కదు. మేం పావుగంట ముందు చేసి "ఆవిడ ఎప్పుడూ లేటే" అనుకోవడం, పావుగంట ఆలస్యంగా చేసి "విసుగొచ్చి వెళ్లిపోయినట్టుంది" అనుకోవడం. నాలుగో నెలలో ఆవిడే మాకు కాగితం మీద లెక్క వేసి ఫోటో తీసి పంపారు, అడుగున టీచర్లు పెట్టే ఎర్ర టిక్కుతో సహా.

ఇథియోపియా వెళ్లిన ఇంజనీరు గారిది ఇంకో కథ. అక్కడ రోజును సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, అంటే మనం పొద్దున 7 అనేది వాళ్లకి 1. పంపు బాగుచేయడానికి "పొద్దున 3 గంటలకి రండి" అన్నారని ఈయన టార్చిలైటు పట్టుకుని చీకట్లో గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లు చెప్పింది 9 గంటలకి. వాచ్‌మన్ జాలిపడి కుర్చీ వేశాడట, ఆ కుర్చీలో కూర్చుని వచ్చీరాని భాషలో ఆరు గంటలు కబుర్లు చెప్పుకున్నారట. ఆ పంపు ఎన్నిసార్లు పాడైంది, ఎవరు ఏం చేసి చెడగొట్టారు, విడిభాగం ఎక్కడ ఆగిపోయింది, అంతా ఆ వాచ్‌మన్‌కే తెలుసు. మర్నాడు మీటింగులో ఎవరూ ఆ సంగతులు చెప్పలేదు.

ఇథియోపియా క్యాలెండర్ కూడా వేరు, 13 నెలలు, మనం వాడే దానికంటే ఏడెనిమిదేళ్లు వెనక. ఆయన తెచ్చిన రవాణా రసీదు మీద ఆ తేదీయే ఉంది. మన సంఘం పెట్టి ఆరేళ్లు. "సంఘం పుట్టకముందు అయిన ఖర్చుని నేను ఎలా ఇచ్చేది?" అని కోశాధికారి గారు రసీదు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఇంజనీరు గారు రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి వివరించాక డబ్బు విడుదలైంది. ఆడిటర్ గారికి మళ్లీ మొదటి నుంచి వివరించాల్సి వచ్చింది, అది వేరే విషయం.

ఈ ఏడాది ఎక్కువగా గొంతులు లేచిన చర్చ అనాథాశ్రమాల గురించి. రెండు వారాలు పిల్లలతో గడపడానికి మనుషులు కావాలని ఒక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది, ముగ్గురు సభ్యులు వెంటనే పేర్లు ఇచ్చారు. కార్యవర్గం వద్దంది. ఆ ముగ్గురికీ కోపం వచ్చింది, అందులో ఒకరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, అయినా కారణం ఇక్కడ రాయడం నా బాధ్యత. చాలా దేశాల్లో ఇలాంటి చోట్ల ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల పంపినవాళ్లే. బయటి నుంచి చూడటానికి వచ్చేవాళ్లు, వాళ్లతో వచ్చే డబ్బు పెరిగేకొద్దీ పిల్లల్ని ఇంటికి పంపాలన్న ఆలోచన తగ్గిపోతుంది. పైగా రెండు వారాలకోసారి కొత్త అక్క, కొత్త అన్న వచ్చి ముద్దుచేసి వెళ్లిపోతుంటే ఆ పిల్లలకి ఎలా ఉంటుందో మనింట్లో పిల్లల్ని ఊహించుకుంటే చాలు. మన ఊళ్లో బడిలోకి ఎవరో తెలియని మనిషి వచ్చి "నాకు పిల్లలంటే ఇష్టం, రెండు వారాలు ఉంటాను" అంటే గేటు తీస్తామా? తీయం కదా. ఈ వాదన సభలో నెగ్గింది, కానీ ఒకరిద్దరు చేతులెత్తకుండా కూర్చున్నారని కూడా నమోదు చేస్తున్నాను.

ఆ సభలోనే ఒకరు "ఇన్ని షరతులు పెడితే ఇక ఎవరు వెళ్తారు, మొదట్లో అందరూ ఇలాగే ఉండేవారా" అని అడిగారు. మొదట్లో ఇంకా కష్టంగానే ఉండేది. పియెర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన 1920లో కొంతమందిని పోగుచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన వెర్డన్ దగ్గరి ఎస్న్ అనే ఫ్రెంచి పల్లెలో ఇళ్లు కట్టడానికి వెళ్లాడు. ఆ బృందంలో జర్మన్లు కూడా ఉన్నారు, యుద్ధం అయిపోయి రెండేళ్లే. ఊళ్లో అభ్యంతరాలు లేచాయి, 1921 వసంతానికల్లా పని ఆపేసి వచ్చేయాల్సి వచ్చింది. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థకి ఆ శిబిరమే మొదలు, అది ఇప్పటికీ నడుస్తోంది. 1934 బీహార్ భూకంపం తర్వాత సెరెసోల్ అక్కడికి కూడా వచ్చి పల్లెలు తిరిగి కట్టే పనిలో ఉన్నాడు. ఎస్న్ గురించి ఆ ఏడాది వాళ్ల కార్యదర్శి వార్షిక నివేదికలో ఏం రాసుకున్నాడో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. "ఊరివాళ్లు వెళ్లిపొమ్మన్నారు" అని రాసే ధైర్యం నాకైతే ఉండేది కాదు.

కాగితాల విషయాలు తొందరగా ముగిస్తాను. టూరిస్టు వీసా మీద సేవకి వెళ్లకండి. జీతం తీసుకోకపోయినా చాలా దేశాల చట్టం దాన్ని పనిగానే చూస్తుంది. మన సభ్యురాలు ఒకరు విమానాశ్రయంలో "పని మీద వచ్చాను" అని చాలా ఉత్సాహంగా చెప్పి, తర్వాత మూడు గంటలు ఒక గదిలో కూర్చుని ఆ మాటకి అర్థం వివరించారు. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ సూది వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వేయించుకుంటే కుదరదు. ఇది నాకు ఎలా తెలుసని అడగొద్దు, టికెట్ మార్చిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఒకసారి వేయించుకుంటే మాత్రం 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది, ఆ సర్టిఫికెట్ ఉన్న పసుపు రంగు పుస్తకం పోగొట్టుకోకుండా ఉంటే.

వయసు గురించి ఇద్దరు పెద్దలు అడిగారు. అమెరికా ప్రభుత్వం సేవకుల్ని విదేశాలకి పంపే పీస్ కోర్‌లో చేరి, 1966లో బొంబాయి దగ్గర విక్రోలీకి నర్సుగా వచ్చిన లిలియన్ కార్టర్‌కి అప్పటికి 68 ఏళ్లు. ఆవిడ కొడుకు జిమ్మీ కార్టర్ తర్వాత అమెరికాకి అధ్యక్షుడయ్యాడు. కాబట్టి వయసు అడ్డు కాదు. మోకాళ్ల సంగతి మాత్రం డాక్టరుకి ముందే చెప్పండి. ప్రయాణం అసలే కుదరనివాళ్లు ఆన్‌లైన్‌లో చేయొచ్చు, ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 2000 నుంచి ఆ ఏర్పాటు నడుపుతోంది. మనవాళ్లు ఇద్దరు అలా అనువాదాలు చేశారు, ఇల్లు కదలకుండా, అందులో ఒకరు పైజామా కూడా మార్చకుండా.

తిరిగొచ్చినవాళ్ల ఇబ్బంది గురించి ఎవరూ ముందుగా చెప్పరు. వెళ్లేటప్పుడు అందరూ వచ్చి సాగనంపుతారు. వచ్చాక "ఎలా ఉంది?" అంటారు, మనం నోరు తెరిచి రెండు నిమిషాలు కాకముందే వాళ్ల చూపు ఫోను మీదికి పోతుంది. అది వాళ్ల తప్పు కాదు. ఆర్నెల్లు మనం లేనప్పుడు వాళ్లకీ బోలెడు జరిగి ఉంటుంది, ఆ కబుర్లు మనం ఎంతసేపు విన్నాం? ఒకావిడ ఇంటికొచ్చిన మొదటి వారం కుళాయి తిప్పిన ప్రతిసారీ కింద బకెట్ పెట్టేవారట, ఇంట్లోవాళ్లు మొదట నవ్వారు, తర్వాత గొడవపడ్డారు. ఇంకొకరు నిద్రలో దోమతెర సర్దుకుంటూ పక్కనున్న ఆయన దుప్పటి లాగేసేవారట. ఇవన్నీ విన్నాక "వినేవాళ్ల పూట" అని నెలకోసారి పెట్టాం. వెళ్లొచ్చినవాళ్లు ముప్పై నిమిషాలు మాట్లాడతారు, మిగతావాళ్లు వినాలి, ఫోన్లు బుట్టలో వేయాలి. తర్వాత ముప్పై నిమిషాలు ఇక్కడే ఉన్నవాళ్లు మాట్లాడతారు, వెళ్లొచ్చినవాళ్లు వినాలి. రెండో సగమే ఎక్కువ కష్టమని తేలింది. ఈ ఏడాది మనం చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే, ఖర్చు కూడా ఒక బుట్ట మాత్రమే.

ఐక్యరాజ్యసమితి 2026ను సుస్థిర అభివృద్ధి కోసం స్వచ్ఛంద సేవకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది, ఇంతకుముందు 2001లో ఇలాంటిది జరిగింది. ఆ పేరుతో బ్యానర్ కట్టాలని తీర్మానం చేశాం. పేరు మొత్తం పట్టే బ్యానర్ మన గుమ్మంలో పట్టదు కాబట్టి వాయిదా వేశాం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, విడిగా జతచేశాం. పత్రిక రెండు సంచికలు రావాలి, ఒకటి వచ్చింది. కొత్త కార్యదర్శి ఎన్నిక వచ్చే సభలో ఉంటుంది, నేను పోటీ చేయడం లేదు, బతిమాలినా చేయను.

అడాప్టర్ల పెట్టెలో ఏడాది మొదట్లో 14 ఉన్నాయి, ఇప్పుడు 5. ఎవరి దగ్గరున్నాయో వాళ్లకి తెలుసు. తెచ్చి పెట్టెలో వేసేయండి, ఎవరూ ఏమీ అడగరు. కెటిల్ క్షేమంగానే వచ్చింది, బాగా పనిచేస్తోంది. ఈసారి తీసుకెళ్లేవాళ్లు అక్కడి వోల్టేజి ఎంతో ముందు రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి తీసుకెళ్లాలి.

ఇట్లు,
మీ కార్యదర్శి, వచ్చే సభ వరకు