తెగిన పియానో తీగల మరమ్మతుకై సంఘ సభ్యులకు విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ కుటుంబములకును, ఉద్యోగరీత్యా హైదరాబాదు, విశాఖపట్నం, బెంగుళూరు మొదలైన చోట్లను, విదేశములలోను స్థిరపడిన మన బందరు బిడ్డలకును పాస్టరేట్ కమిటీ పక్షాన యేసుక్రీస్తు నామమున వందనములు.

ఈ సంవత్సరపు క్రిస్మస్ కరోల్ ఆరాధన డిసెంబరు మూడవ ఆదివారం సాయంత్రం జరగవలసి ఉన్నది. ఆనాటికి మన ఆలయంలోని పియానో పలుకుతుందా లేదా అన్నది ఈ నెలాఖరులోగా మీ చేతులలోనే తేలుతుంది. ప్రస్తుతం పదకొండు తీగలు తెగి ఉన్నాయి. వాటిలో నాలుగు రాగి చుట్టిన మంద్రస్థాయి తీగలు, మిగిలినవి పై స్థాయికి చెందిన ఉక్కు తీగలు. ఉక్కు తీగ కొలతను బట్టి దొరుకుతుంది గాని, రాగి చుట్టిన తీగను మాత్రం ఏ పియానోకు ఆ పియానో కొలతతో ప్రత్యేకంగా చుట్టించవలసిందే. అందుకు తెగిన ముక్కలనే నమూనాగా పంపాలి, పనివారికి కొన్ని వారాల గడువు ఇవ్వాలి. చెన్నై నుంచి వచ్చి పియానో శృతి చేయవలసిన ట్యూనర్ గారు నవంబరు రెండవ వారాన్ని మనకు కేటాయించారు. ఆ వారం దాటితే పండుగ రోజులలో ఆయన మనకు దొరకరు. బయానా పంపనిదే తీగల పని మొదలు కాదు, బయానాకు సరిపడ సొమ్ము సంగీత నిధిలో లేదు.

మన సంఘ చరిత్ర మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను మిషనరీ దొరలు బందరు వచ్చిన నాటి నుంచి ఈ ఊరి విశ్వాసులు ఎన్ని చూశారో, 1864 నవంబరు ఉప్పెనలో ముప్పై వేల ప్రాణాలు పోయిన తరువాత కూడా ఆరాధన ఎలా నిలిచిందో మన తాతలు చెప్పగా విన్నవారమే. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు జరిగిన కృతజ్ఞతారాధనకు ఈ పియానోయే వాయించారని పెద్దలు చెప్పుకునేవారు. 1977 నవంబరు 19 నాటి తుఫానులో నీరు లోపలికి వస్తుందన్న భయంతో, రెండు క్వింటాళ్లకు పైబడిన ఈ పియానోను అప్పటి యువకులు బల్లలపైకి ఎత్తి తాళ్లతో కట్టి కాపాడారు. తమ ఇళ్ల కప్పులు ఎగిరిపోతున్న రాత్రి వారు చేసిన పని అది. ఆనాటి యువకులలో కొందరు నేటికీ మూడవ వరుస బెంచీలో కూర్చుంటున్నారు. తుఫాను తరువాత ఆలయ మరమ్మతుకు స్త్రీల సహవాసం వారు వంట చేసే ప్రతిసారి పిడికెడు బియ్యం తీసిపెట్టి, అమ్మి, సొమ్ము చేసి ఇచ్చారు. అటువంటి తల్లుల బిడ్డలను అడగడానికి మాకు సంకోచం ఉండకూడదు.

స్వాతంత్ర్యానికి ముందు, స్వదేశానికి తిరిగి వెళ్లిన మిషనరీ దొరసానమ్మ గారు విడిచి వెళ్లిన ఈ ఇంగ్లీషు పియానో మన వంటి వేడి, తేమ గల దేశాల కోసమే తయారైనది. జిగురు ఊడినా అతుకు వదలకుండా లోపల ఇత్తడి మరలు బిగించి ఉన్నాయి. అంత ముందుచూపుతో చేసినవారు కూడా తీగలకు తుప్పు పట్టకుండా చేయలేకపోయారు. సముద్రపు గాలిలోని ఉప్పు, వర్షాకాలపు చెమ్మ కలిసి తీగ వంగిన చోట, అనగా శృతి పిన్నుకు చుట్టిన దగ్గర, తీగలను మోసే వంతెన చెక్కపై తిరిగే దగ్గర, కింద ఇనుప చట్రానికి తగిలించిన దగ్గర తింటూ వస్తాయి. ఒక్కొక్క తీగ డెబ్బై ఎనభై కిలోల బిగువును మోస్తుంది. రెండు వందలకు పైబడిన తీగల మొత్తం బిగువు కొన్ని టన్నులు, దానిని పోత ఇనుప చట్రం భరిస్తున్నది. ఏళ్ల తరబడి శృతి చేయించక స్వరం దిగిపోయిన పియానోను ఒక్క పూటలో అసలు స్థాయికి లాగితే, తుప్పు తిన్న చోట తీగ పటుక్కున తెగుతుంది. కొంతకాలం క్రితం తక్కువ ఖర్చుకు ఒప్పుకొని తొందరగా శృతి చేసి వెళ్లిన ఒక పనివాని చేతిలో జరిగినది ఇదే.

కొందరు సభ్యులు పియానో బాగానే మోగుతున్నది కదా అని అడుగుచున్నారు. పై స్థాయిలో ఒక్కొక్క స్వరానికి మూడేసి తీగలు ఉంటాయి గనుక ఒకటి తెగినా మిగిలిన రెండు పలుకుతాయి. వినేవారికి కాస్త పలుచగా తోచవచ్చు, అంతే. కాని అట్టడుగు మంద్రస్వరాలకు ఒక్కొక్క తీగే ఉంటుంది. అది తెగితే మీట నొక్కినప్పుడు ఎదుట తీగ లేక సుత్తి ఒట్టి గాలిలో ఆడుతుంది. ప్రభురాత్రి భోజన సమయంలో ఆ మూగ మీటలను తప్పించుకుంటూ ఎడమచేతిని ఎక్కడెక్కడికో జరుపుకుంటూ వాయిస్తున్న మన చెల్లెలి అవస్థ వెనుక బెంచీలలో కూర్చున్నవారికి కనిపించదు. పైగా మంచానికి ఒకచోట నులక తెగితే చుట్టుపక్కల పట్టు సడలినట్లు, తీగలు తెగిన చోట బిగువు తగ్గి పక్క తీగల శృతి కూడా చెడుతున్నది.

అందువలన కమిటీ, కొంత చర్చ జరిగిన తరువాత, తెగిన నాలుగు మాత్రమే గాక మంద్రస్థాయి తీగలన్నింటినీ మార్పించాలని తీర్మానించినది. రాగి చుట్ల మధ్య దుమ్ము, చిలుము చేరిన పాత తీగ తెగకపోయినా మొద్దుబారిన శబ్దమే ఇస్తుంది. దాని పక్కన కొత్త తీగ గణగణ మోగితే కీర్తన మధ్యలో రెండు వేర్వేరు వాయిద్యాలు వాయించినట్లుంటుంది. ఇది అనవసరపు ఖర్చు అని భావించినవారి అభ్యంతరం మినిట్సులో నమోదైనది. సంగీత ఉపసంఘం మాత్రం తన అభిప్రాయం మార్చుకోలేదు.

యువజనులు ముప్పై వేలు పెడితే మంచి కీబోర్డు వస్తుందని, దానికి తీగలే ఉండవని సూచించారు. వారి ఉత్సాహానికి వందనములు. గతంలో ఆ విధంగా వచ్చిన కీబోర్డులు ఇప్పుడు వెస్ట్రీ (ఆలయపు పక్క గది) మూలన గుడ్డ కప్పుకొని ఉన్నాయి. వాటి లోపలి బోర్డు పాడైతే విడిభాగాలు దొరకలేదు. తుఫాను రోజులలో కరెంటు పోయినప్పుడు పాటకు ఆధారమైనది ఈ పాత పియానోయే. నూట యాభయ్యవ కీర్తన తంతివాద్యములతో దేవుని స్తుతించమని చెప్పుచున్నది, ముప్పై మూడవ కీర్తన ఇంపుగా వాయించమని చెప్పుచున్నది. తెగిన తీగలతో ఇంపుగా వాయించుట ఎవరి తరము? బబులోను నదుల యొద్ద కూర్చున్నవారు నిరవంజి చెట్లకు సితారాలు తగిలించినది చెరలో ఉన్న దుఃఖముచేత. మనము ఏ చెరలోనూ లేము.

ఈ సందర్భంగా ఒక మాట చెప్పక తప్పదు. ఇటీవల తెరకు, ప్రొజెక్టరుకు, స్పీకర్లకు అడిగిన వారం తిరగకుండానే విరాళాలు వచ్చాయి. పియానో కొరకు ఈస్టరు నాడు చేసిన ప్రకటనకు వచ్చినవి కొన్ని కవర్లే. పెండ్లిండ్లకు ఆలయాన్ని అలంకరించేవారు నీళ్లు నిండిన పూలకుండీలను పియానో మూతపై పెట్టవద్దని ఎన్నిసార్లు మనవి చేసినా వినలేదు. ఒలికిన నీరు ఎక్కడికి దిగినదో ట్యూనర్ గారు లైటు వేసి చూపించారు. యోవాషు రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వరకు మందిరపు శిథిలమైన స్థలములను బాగు చేయలేదని రెండవ రాజుల గ్రంథంలో చదువుతాము. అప్పుడే గదా యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి దాని మూతకు బెజ్జము చేసినది. వచ్చే ఆదివారం నుంచి మన ద్వారం దగ్గర కూడా అటువంటి పెట్టె ఉంటుంది. ఎవరి మనసు నొప్పించుటకు ఇది రాయడం లేదు.

ఖర్చు విషయానికి వస్తే తీగలు, పిన్నులు, ట్యూనర్ గారి కూలి, రాకపోకలు, బస అన్నీ కలిపి 1,85,000 రూపాయలు అంచనా. కోత పండుగ వేలంలో వచ్చినది పోగా ఇంకను 1,20,000 పైచిలుకు కావలెను. కొత్త తీగలు సాగుతాయి గనుక మొదటి సంవత్సరంలో మళ్లీ మళ్లీ శృతి చేయించవలసి ఉంటుంది, ఆ ఖర్చు కూడా ఇందులోనే ఉన్నది. పూర్తి వివరాలు కోశాధికారి గారి వద్ద చూడవచ్చును. మరమ్మతు తరువాత చెమ్మ చేరకుండా వర్షాకాలంలో పియానో అడుగు పెట్టెలో తక్కువ వాట్ల బల్బు వెలిగించి ఉంచాలని, పియానోను కిటికీ పక్క నుంచి లోపలి గోడకు జరపాలని కూడా నిర్ణయించాము.

ఆలయపు బెంగుళూరు పెంకుల మరమ్మతు, సమాధుల తోట ప్రహరీ గోడ, సండే స్కూలు బెంచీలు కూడా ఈ సంవత్సరపు పనులలో ఉన్నవని కోశాధికారి గారు ఇక్కడ చేర్చమన్నారు. పెంకుల మాట నిజమే, ఎందుకనగా పియానోకు ఎగువన రెండు పెంకులు పగిలి ఉన్నాయి.

ఒక తీగ ఖర్చు భరించదలచిన కుటుంబం, తమ వారి జ్ఞాపకార్థముగా ఇవ్వదలచినవారు, వివాహ దినమును, ఉద్యోగ ప్రాప్తిని పురస్కరించుకొని కృతజ్ఞతార్పణ ఇవ్వదలచినవారు ఆదివారం ఆరాధన తరువాత కోశాధికారి గారికి చెల్లించి రసీదు తీసుకొనగలరు. భారత పౌరసత్వం గలిగి విదేశాలలో ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చును. ఇతర దేశాల పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) ఉన్నప్పటికీ, సంఘ ఖాతాకు నేరుగా పంపవద్దని కోరుచున్నాము. విదేశీ విరాళాల చట్టం ప్రకారం అది విదేశీ విరాళమే అవుతుంది, మన సంఘానికి ఆ నమోదు లేదు. వారి ప్రార్థన చాలును. సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం బృందంలో నిలబడి పాడితే మరీ సంతోషం.

కవర్లు అక్టోబరు చివరి ఆదివారం లోపల అందాలి. పెంకులకు గాని, ప్రహరీ గోడకు గాని, బెంచీలకు గాని ఇవ్వదలచినవారు ఆ మాట కవరుపై స్పష్టంగా రాయవలెను. ఏమీ రాయని కవర్లు పియానో నిధిలో జమ చేయబడును.

ప్రభువు సేవలో,
కార్యదర్శి, పాస్టరేట్ కమిటీ
కన్వీనర్, సంగీత ఉపసంఘం (ఇరు బాధ్యతలు)
మచిలీపట్నం