ఫుట్‌బాల్ ఉపసంఘం వార్షిక నివేదిక, 2024–25: ఇంగ్లండ్ అగ్రశ్రేణి జట్ల ఆటతీరులపై మా పరిశీలన

ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం గౌరవనీయ సభ్యులకు ఫుట్‌బాల్ ఉపసంఘం తరఫున నమస్కారాలు.

2024 సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు, ఇంగ్లండ్ అగ్ర విభాగమైన ప్రీమియర్ లీగ్ సీజన్ పొడవునా అక్కడి అగ్రశ్రేణి జట్ల ఆటతీరులను పోల్చి చూసే పనిని మా ఉపసంఘం చేపట్టింది. ఎవరు గెలిచారు, గోల్ ఎవరు కొట్టారు అన్న సంగతులు అందరి ఫోన్లలోనూ దొరుకుతాయి కనుక వాటి జోలికి అవసరమైనంత మేరకే వెళ్లాం. నెలకు ఒక ఆదివారం, పిల్లల తెలుగు బడి ముగిసిన వెంటనే అదే హాలులో కూర్చుని, అంతకుముందు ఎవరి ఇంట్లో వారు చూసిన మ్యాచ్‌లలో ఒకదానిని ఎంచుకుని, అందులోని కొన్ని ఘట్టాలను బల్ల మీద కాయలతో పేర్చి చూడటం మా పద్ధతి.

కాయలంటే క్యారమ్ కాయలే. అయస్కాంతాల బోర్డు కొందామని మొదట అనుకున్నాం గానీ, ఒక సభ్యుడు ఇంటి నుంచి క్యారమ్ సెట్ తీసుకురావడంతో ఆ ఖర్చు తప్పింది. ఒక సెట్‌లో తెల్లవి 9, నల్లవి 9 మాత్రమే ఉంటాయి కనుక, జట్టుకు పదకొండు మందిని నిలబెట్టడానికి రెండో సెట్ కూడా కావలసి వచ్చింది. ఎర్ర కాయను బంతిగా వాడాం.

ఒక ఇబ్బందిని కూడా ఇక్కడ నమోదు చేయాలి. శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లను ఇంగ్లండ్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపరు. చిన్న క్లబ్బుల మైదానాలకు వచ్చే జనం తగ్గిపోకూడదని 1960ల నుంచి వస్తున్న కట్టుబాటు ఇది. చలికాలంలో ఆ మ్యాచ్‌లనే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న మన బంధువులు రాత్రి 8:30కి ఇంట్లో కూర్చుని చూస్తుంటే, మైదానానికి గంట దూరంలో ఉన్న మనం రాత్రి చూపే మ్యాచ్ ముఖ్యాంశాల కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. అందుకే మేము తీసుకున్న మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం నాటివే.

ఏ ప్రశ్నతో మొదలుపెట్టాం

ఆటతీరు అనగానే బంతి ఎవరి దగ్గర ఎంత శాతం ఉందన్న లెక్కతో మొదలుపెట్టడం అలవాటు. మొదటి రెండు సమావేశాల్లో మేమూ అదే చేసి, ఆ లెక్క దాదాపు ఏమీ చెప్పదని గ్రహించాం. బంతిని గంటసేపు తమ దగ్గరే ఉంచుకునే రెండు జట్లు ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేకుండా ఆడగలవు. అందువల్ల మూడో సమావేశం నుంచి ఒకే ప్రశ్నను పట్టుకున్నాం: బంతి చేజారిన మరుక్షణం ఆ జట్టులోని వారు ఎటు పరుగెత్తుతారు? బంతి వైపా, తమ గోల్ వైపా, లేక ఉన్న చోటనే నిలబడతారా? ఈ నివేదికలో మిగిలినదంతా ఈ ప్రశ్నకు దొరికిన జవాబులే.

మాంచెస్టర్ సిటీ

2016లో శిక్షకుడిగా పెప్ గార్డియోలా వచ్చినప్పటి నుంచి సిటీ ఆట ఇంగ్లండ్‌లో మిగిలిన వారికి కొలబద్దగా మారింది. 2017–18లో 100 పాయింట్లు, 106 గోల్స్. 2023–24తో కలిపి వరుసగా నాలుగు టైటిళ్లు, ఇంగ్లండ్ అగ్ర విభాగంలో అంతకుముందు ఎవరికీ సాధ్యం కానిది. ఆ పొట్టి పాస్‌లను చూసి చాలామంది అది దాడి కోసమేనని అనుకుంటారు. బల్ల మీద పేర్చి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. పాస్‌లు పొట్టివి కావడం వల్ల ఆటగాళ్లు ఒకరికొకరు దగ్గరగా ఉంటారు, దగ్గరగా ఉండటం వల్ల బంతి పోయిన చోటే నలుగురైదుగురు దాని మీద పడగలుగుతారు. అంటే బంతిని దగ్గర ఉంచుకోవడం వారికి ఒక రకమైన రక్షణ. ఆ గుంపును దాటి ప్రత్యర్థి ఒక పాస్ ఇవ్వగలిగితే దాన్ని ఆపడానికి వెనుక మిడ్‌ఫీల్డర్ రోడ్రి ఉండేవాడు.

2024 సెప్టెంబరు 22న ఆర్సెనల్‌తో జరిగిన మ్యాచ్‌లో రోడ్రి మోకాలికి తీవ్రమైన గాయమైంది. ఆ తర్వాత జరిగినది మా ప్రశ్నకు జవాబు లాంటిదే. నవంబరు, డిసెంబరు నెలల్లో లీగ్‌లో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిన సిటీ, నవంబరు 23న సొంత మైదానంలో టోటెన్‌హామ్ చేతిలో 0–4తో చిత్తయింది. బంతి చేజారిన వెంటనే ముందుకు దూకేవారు అప్పటికీ దూకుతూనే ఉన్నారు. కానీ వారి వెనుక తాళం లేదు. తాళం లేని తలుపుకు ఎంతమంది కాపలా ఉన్నా ఏం లాభమని ఒక సభ్యురాలు అన్న మాట ఆ నెల చర్చ మొత్తానికి సరిపోయింది. చివరికి సిటీ 71 పాయింట్లతో, 9 ఓటములతో మూడో స్థానంలో ఆగింది.

గోల్‌కిక్ (ప్రత్యర్థి తాకిన బంతి గోల్ ఉన్న వైపు గీత దాటి బయటికి పోయాక ఆట మళ్లీ మొదలుపెట్టే తన్ను) నిబంధన గురించి ఇక్కడే చెప్పాలి. 2019 వరకు గోల్‌కిక్ కొట్టిన బంతి గోల్ ముందు గీతలతో గుర్తించిన పెనాల్టీ ప్రాంతం దాటి బయటికి వచ్చాకే మరొకరు తాకాలి. ఆ ఏడాది నుంచి ప్రాంతం లోపలే సహచరుడు అందుకోవచ్చు. చిన్న మార్పే గానీ, గోల్‌కీపర్ పక్కన ఇద్దరు డిఫెండర్లను నిలబెట్టి ప్రత్యర్థిని పైకి రప్పించడం దీనితో సులువైంది. వారు పైకి వస్తే వారి వెనుక చోటు ఖాళీ అవుతుంది. ఈ ఎర చూపే ఆట ఇప్పుడు లీగ్‌లో చాలా జట్ల దగ్గర ఉంది, అందులో కొన్ని జట్లు ఆ ఎరకు తామే చిక్కుకుంటున్నాయి కూడా.

ఆర్సెనల్

అదే సెప్టెంబరు 22 మ్యాచ్‌ను ఆర్సెనల్ వైపు నుంచి కూడా చూశాం. తొలి సగం ముగియబోతుండగా సాకా కొట్టిన కార్నర్‌ను (మైదానం మూల నుంచి కొట్టే తన్ను) డిఫెండర్ గాబ్రియెల్ తలతో గోల్‌లోకి పంపి ఆర్సెనల్‌ను 2–1తో ముందుంచాడు. మరికొద్ది నిమిషాలకే ఆర్సెనల్ ఆటగాడు ట్రోసార్డ్ రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్లాడు. రెండో సగమంతా పదిమందితో ఆర్సెనల్ తన పెనాల్టీ ప్రాంతం అంచున గోడ కట్టి నిలబడింది. అదనపు సమయం ఎనిమిదో నిమిషంలో సిటీ ఆటగాడు స్టోన్స్ గోల్ కొట్టే వరకు ఆ గోడ కూలలేదు. నల్ల కాయలు రెండు వరుసల్లో పేర్చి, తెల్ల కాయలు వాటి చుట్టూ పదేపదే తిప్పి చూసినప్పుడు, మధ్యలో ఒక్క కాయ దూరే సందు కూడా కనిపించక పిల్లలు నవ్వారు.

శిక్షకుడు మికెల్ అర్టేటా జట్టు బంతి పోగానే ముందుకు దూకుతుంది, కానీ అందరూ దూకరు. సలిబా, గాబ్రియెల్, వారి ముందు మరో ఇద్దరు ఎప్పుడూ వెనుక మిగులుతారు. ఆ ఏడాది లీగ్‌లో ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ 34, అందరికంటే తక్కువ. కార్నర్లలో కూడా ఇదే క్రమశిక్షణ ఉంటుంది. 2021లో సిటీ నుంచి వచ్చిన నికొలాస్ జోవెర్ ఈ విభాగానికే ప్రత్యేక శిక్షకుడు. దూరపు స్తంభం దగ్గర గుంపుగా మొదలయ్యే పరుగులు, గోల్‌కీపర్ దారికి అడ్డంగా నిలబడే ఒకరు, గోల్ వైపు వంపు తిరిగి వచ్చే బంతి: ఇవన్నీ ముందే లెక్క వేసుకున్నవి.

అయితే లీగ్ ఎందుకు గెలవలేదు? ఈ విషయంలో ఉపసంఘం ఏకాభిప్రాయానికి రాలేదు. ఆర్సెనల్, లివర్‌పూల్ రెండూ నాలుగేసి మ్యాచ్‌లే ఓడాయి. తేడా డ్రాలలో (సమంగా ముగిసిన మ్యాచ్‌లలో) ఉంది: ఆర్సెనల్‌కు 14, లివర్‌పూల్‌కు 9. దాడి ఆటగాళ్లు సాకా, హావెర్ట్స్, జెసూస్ గాయాలపాలై, మిడ్‌ఫీల్డర్ మెరీనోను ఫార్వర్డ్‌గా ఆడించాల్సి వచ్చినప్పుడు ఇంతకంటే ఏం చేయగలరని కొందరు వాదించారు. నా అభిప్రాయం వేరు. ఎప్పుడూ నలుగురిని వెనుక మిగిల్చే జట్టు ఓటములను తగ్గించుకుంటుంది, దానితోపాటే గెలుపులనూ తగ్గించుకుంటుంది. ఆర్సెనల్ అభిమానులైన సభ్యులు దీనిని ఖండించారని కూడా వారి కోరిక మేరకు నమోదు చేస్తున్నాను.

లివర్‌పూల్

ఎక్కువ సమావేశాలు ఈ జట్టుకే పోయాయి, న్యాయంగానే. 2015 అక్టోబరు నుంచి 2024 మే వరకు యుర్గెన్ క్లోప్ నడిపిన లివర్‌పూల్‌లో బంతి పోవడమే దాడికి ఆరంభం. బంతి గుంజుకున్న ప్రత్యర్థి అప్పుడే చెదురుమదురుగా ఉంటాడు కనుక, అతడి దగ్గర నుంచి వెంటనే తిరిగి లాక్కుంటే గోల్‌కు దారి తెరిచే ఉంటుందన్నది క్లోప్ నమ్మకం. ఆ ఆట చూడటానికి ఉత్సాహంగా ఉండేది. ఆటగాళ్లను మాత్రం సీజన్ చివరికి పిండేసేది.

తర్వాత వచ్చిన ఆర్నె స్లాట్ కొత్తవారిని దాదాపు కొనలేదు. వేసవిలో చేరి ఆ సీజన్ ఆడిన కొత్తవాడు కియేసా ఒక్కడే. కాబట్టి రెండు ఆటతీరులను దాదాపు అవే ముఖాలతో పోల్చే అరుదైన అవకాశం మాకు దొరికింది. స్లాట్ దూకుడును తీసివేయలేదు, దానికి వేళలు పెట్టాడు. గ్రావెన్‌బెర్ఖ్‌ను డిఫెండర్ల ముందు నిలబెట్టడంతో, ఒత్తిడిలో ఒంటరిగా బంతితో తిరిగి ముందుకు సాగగలిగే మనిషి దొరికాడు. బంతి చేజారినప్పుడు మిడ్‌ఫీల్డర్లు సోబోస్లాయ్, మెక్ అలిస్టర్ పరుగెత్తుతుంటే కుడివైపు ఫార్వర్డ్ సలా మాత్రం చాలాసార్లు మధ్యగీత దగ్గరే ఉండిపోయేవాడు. అది బద్ధకం అనుకున్నవారికి 29 గోల్స్, 18 అసిస్ట్‌లు (సహచరుల గోల్స్‌కు దారితీసిన పాస్‌లు) జవాబు. అతడు అక్కడ ఉన్నాడన్న భయంతో ప్రత్యర్థి ఎడమ ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ముందుకు వెళ్లలేడు, అంటే నిలబడి ఉండటం కూడా రక్షణే.

2025 ఫిబ్రవరి 23న సిటీ మైదానంలో జరిగిన మ్యాచ్‌ను రెండు ఆదివారాలు చూశాం. బంతి దాదాపు మూడింట రెండు వంతుల సమయం సిటీ దగ్గరే ఉంది, గెలిచింది లివర్‌పూల్, 2–0. మొదటి గోల్ కార్నర్ నుంచి వచ్చింది: మెక్ అలిస్టర్ బంతిని గాలిలోకి లేపకుండా నేలబారుగా దగ్గరి స్తంభం వైపు కొట్టగా, అటు పరుగెత్తిన సోబోస్లాయ్ ఒక్క తాకుతో దాన్ని వెనక్కి మళ్లించాడు, ఎవరూ కాపలా లేని చోట నిలబడిన సలా కొట్టేశాడు. అందరి కళ్లూ పొడగరి వాన్ డైక్ మీదే ఉండగా బంతి ఎవరి తలకూ వెళ్లలేదు. ఏప్రిల్ 27న సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో టోటెన్‌హామ్‌పై 5–1 గెలుపుతో లివర్‌పూల్ తన 20వ లీగ్ టైటిల్‌ను ఖాయం చేసుకుని, ఆ లెక్కలో మాంచెస్టర్ యునైటెడ్‌ను అందుకుంది.

ఇదే జట్టు మార్చి 16న లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్ చేతిలో 1–2తో ఓడింది. ట్రిపియర్ కార్నర్‌ను రెండు మీటర్ల పొడవున్న డాన్ బర్న్ తలతో గోల్‌లోకి పంపినప్పుడు, అతడిని అడ్డుకునే పని మీద ఉన్నది జట్టులోని పొట్టివారిలో ఒకడైన మెక్ అలిస్టర్. 1955 తర్వాత న్యూకాజిల్‌కు దేశీయంగా దక్కిన తొలి పెద్ద ట్రోఫీ అది.

వెనుక కాచుకునేవారు

ఆ సీజన్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో బంతి పోతే ముందుకు దూకే మాటే అరుదుగా ఉండేది. అందరూ తమ గోల్ వైపు వచ్చి వరుసలు కట్టేవారు. దొరికిన బంతిని రెండు మూడు పాస్‌లలో అవతలి చివరికి చేర్చేవారు. ఆ తీరుతోనే ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌ను 1–0తోనూ, తమ మైదానంలో సిటీని 1–0తోనూ ఓడించి, క్రిస్ వుడ్ 20 గోల్స్‌తో ఏడో స్థానంలో నిలిచారు. ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో సిటీని 1–0తో ఓడించిన క్రిస్టల్ ప్యాలెస్‌ది కూడా దాదాపు ఇదే కథ, వారికి అది మొట్టమొదటి పెద్ద ట్రోఫీ.

టోటెన్‌హామ్ ఉదాహరణ చిత్రమైనది. శిక్షకుడు పోస్టెకోగ్లూ కింద డిఫెండర్లందరినీ మధ్యగీత దాకా తెచ్చి ఆడిన జట్టు లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానానికి దిగజారింది. మే 21న బిల్బావోలో యునైటెడ్‌తో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ ఫైనల్ వచ్చేసరికి, తన సిద్ధాంతమంతా పక్కనపెట్టి వెనుక కూర్చుని 1–0తో కప్పు ఎత్తుకుంది. చెల్సీ గురించి ఒక సమావేశం పెట్టాం గానీ, అప్పటి శిక్షకుడు మారెస్కా జట్టు సిటీ తీరునే ఇంకా నేర్చుకుంటున్న దశలో ఉన్నట్టు అనిపించి ఎక్కువ ముందుకు సాగలేదు.

మన సంఘంలో సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఈ చర్చలన్నీ విని, తక్కువ తాకులతో బంతిని తిప్పే ఆటను సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఎప్పుడో నేర్పారని గుర్తుచేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు శిక్షకుడు ఆయనే. ఈ విషయంపై ఒక పూర్తి సమావేశం పెట్టాలని పెద్దాయన కోరారు, ఉపసంఘం అంగీకరించింది.

పిల్లల పని, ఖర్చు, వచ్చే ఏడాది

పిల్లలకు ఒకే పని ఇచ్చాం: బంతి పోయిన ప్రతిసారీ, ముందుకు పరుగెత్తినవారికి పై బాణం, వెనక్కి పరుగెత్తినవారికి కింది బాణం, నిలబడినవారికి చుక్క పెట్టడం. తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె లివర్‌పూల్ పేజీలో కుడివైపు చివర ప్రతిసారీ చుక్కే పెట్టుకుంటూ వచ్చి, చివరికి పక్కన "సలా మామయ్య ఎప్పుడూ ఇక్కడే" అని రాసుకుంది. పెద్దవాళ్లం రెండు సమావేశాల్లో తేల్చినది ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఖర్చు విషయానికి వస్తే, హాలు అద్దె తెలుగు బడి పద్దులోనే సర్దుకుంది. రెండో క్యారమ్ సెట్, ప్రొజెక్టర్ అద్దె, టీ, బిస్కెట్లు తప్ప ఉపసంఘం వేరే వ్యయం చేయలేదు. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ రెండుసార్లు మధ్యలో ఆగిపోయినందున దానిని ఇకముందు తేకూడదని నిర్ణయించాం.

వచ్చే సీజన్‌కు ఫుల్‌బ్యాక్‌లను అంశంగా తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాం. మొదటి సమావేశం సెప్టెంబరులో తెలుగు బడి తెరిచిన తర్వాతి ఆదివారం. ఒక నల్ల కాయ కనిపించడం లేదు, ఎవరి జేబులోనైనా ఉంటే దయచేసి ఆ రోజు తీసుకురాగలరు.

ఇట్లు,
కార్యదర్శి, ఫుట్‌బాల్ ఉపసంఘం