ఈసారి తాండ్ర ఎందుకు లేటయ్యిందంటే

అందరికీ నమస్తే అండి. ఈ 2025 ఏప్రిల్లో మామిడి తాండ్రకి అడ్వాన్స్ కట్టినవాళ్ళు వారం రోజుల నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు, మే 20 కల్లా పార్సిల్ వేస్తానన్నారు కదా, ఇవ్వాళ జూన్ 1 వచ్చేసింది ఏదండి అని. అడగడం న్యాయమే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఉన్నది ఉన్నట్టు అందరికీ ఒకేసారి చెప్పేద్దామని రాస్తున్నాను.

310 కిలోలకి ఆర్డర్లు తీసుకున్నాను. పంపగలిగేలా తయారయ్యింది 140 కిలోలు. మిగతాది లేదండి. దాచిపెట్టి రేటు పెరిగాక అమ్ముకుందామని కాదు, ఎండ లేక అవ్వలేదు.

మార్చి నెలాఖర్లో వాతావరణ శాఖ వాళ్ళు ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి ఎలా ఉంటుందో చెప్పారు. మామూలు కంటే ఎండలు ఎక్కువ, వడగాల్పులు వీచే రోజులు కూడా ఎక్కువ అన్నారు, ఆ రాష్ట్రాల లిస్టులో మన ఆంధ్ర కూడా ఉంది. వడగాల్పులు కావాలని ఎవరూ కోరుకోరు, 2015 మే నెలలో మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు, ఆ రోజులు ఇంకా గుర్తే. కాకపోతే తాండ్ర పెట్టేవాళ్ళం ఎండని నమ్ముకునే పని మొదలుపెడతాం కదండి, ఆ కబురు విని నేను ఈసారి చాపలు పెంచాను, నూజివీడు వైపు నుంచి కలెక్టరు రకం మామిడి కాయ ఎక్కువ తెప్పించాను, ఆర్డర్లు కూడా పోయినేడాది కంటే ఎక్కువ ఒప్పుకున్నాను. అక్కడే నేను తప్పు చేశాను.

మూడు నెలలకి కలిపి చెప్పే అంచనా మొత్తం మీద సీజన్ ఎలా ఉంటుందో చెప్తుంది గానీ, ఆత్రేయపురం పక్కన మా ఊళ్ళో ఫలానా బుధవారం మబ్బు పడుతుందా లేదా అనేది చెప్పదు. తాండ్రకి కావాల్సింది ఆ బుధవారం సంగతే.

ఎందుకంటే పని ఇలా ఉంటుందండి. పండు కడిగి రసం తీసి, పీచు లేకుండా వడకట్టి, పంచదారో బెల్లమో కలిపి చాప మీద పల్చగా పూస్తాం. అది ఆరాక దాని మీద ఇంకో పూత, అది ఆరాక ఇంకోటి. మంచి ఎండ, పడమటి గాలి ఉంటే రోజుకి రెండు పూతలు పడతాయి, లేకపోతే ఒకటే, అలా పది పన్నెండు పూతలయ్యేదాకా వరసగా ఎండ కాయాలి. మధ్యలో ఒక్క రోజు ఆగితే ఆ రోజు పూసింది పైకి ఆరినట్టు కనిపించి లోపల జిగురుగానే ఉంటుంది. మా అత్తయ్య వేలితో నొక్కి చూస్తారు, వేలి గుర్తు పడి అలాగే ఉండిపోతే దాని మీద ఇంకో పూత వెయ్యనివ్వరు. వేస్తే లోపల పులుస్తుంది, నెల తిరక్కుండా బూజు పడుతుంది.

మే మొదటి ఆదివారం సాయంత్రం ఏడు పూతలైన చాపలు పదకొండు బయట ఉన్నాయి. మధ్యాహ్నం దాకా ఒళ్ళు కాలిపోయే ఎండ, నాలుగింటికి పడమర నల్లగా కమ్మేసింది, కప్పడానికి బరకాలు (టార్పాలిన్లు) తెచ్చేలోపే ఈదురుగాలి. నలుగురం కలిసి ఆరు చాపలు పాక లోపలికి చేర్చాం, మిగతా ఐదూ తడిసిపోయాయి. ఒక చాప మీద చినుకులు పడ్డచోటల్లా చిల్లులు చిల్లులుగా రసం కారి కింద మట్టిలో కలిసిపోయింది. అత్తయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. అదే వానకి మా వీధి చివర దాళ్వా (రెండో పంట) ధాన్యం కళ్ళంలో తడిసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ నష్టం ముందు మాది ఎంత.

సరే ఒక్క వానే కదా అనుకున్నాం. నేల బాగా కాగి ఉండటం, బంగాళాఖాతం నుంచి తేమ వస్తుండటం, రెండూ కలిసి మధ్యాహ్నం దాటేసరికి మబ్బులు లేచి కురవడం వేసవిలో మామూలే. కానీ ఈ మే అంతా రెండ్రోజులు ఎండ ఒక రోజు మబ్బు, వాన పడకపోయినా తూర్పు గాలి తిరిగి ఉక్క. ఉక్కలో తాండ్ర ఆరదు, చెమట పట్టినట్టు పైన తడి చేరుతుంది. ఇక మే 24నే రుతుపవనాలు కేరళ తాకాయి, మామూలుగా జూన్ 1న రావాలి, 2009 తర్వాత ఇంత ముందు రావడం ఇదే. 26 కల్లా రాయలసీమలోకి వచ్చేశాయి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గొడుగులేసుకుని తిరిగాం అండి.

ఇక ముందు ఎలా ఉంటుందంటే, జూన్ నెలలో దేశం మొత్తం మీద వాన మామూలు కంటే ఎక్కువే, మామూలుని 100 అనుకుంటే 108 శాతం దాటొచ్చని వాతావరణ శాఖ అంటోంది, సీజన్ మొత్తానికి 106 శాతం అంటున్నారు. ఇది కూడా దేశం లెక్కే, మన ఊరి లెక్క కాదు, రుతుపవనాలు వచ్చాక మధ్యలో విరామం ఇచ్చి మళ్ళీ ఎండలు కాసిన జూన్‌లు మనం చాలా చూశాం. అయినా దాన్ని నమ్మి ఇంకోసారి మీకు డేట్ చెప్పలేను. ఇప్పుడు నేను గురువారం గురువారం వాతావరణ శాఖ ఇచ్చే వారాల అంచనా చూస్తున్నాను, రోజూ వచ్చే బులెటిన్‌లో ఉత్తర కోస్తా, యానాం అని ఉండే ముక్క చదివాకే పండు పిండుతున్నాను.

కొంతమంది డ్రయ్యర్‌లో పెట్టి ఇచ్చెయ్యండి అన్నారు. పక్క ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గర రెండు కిలోలు పెట్టి చూశాను, ఆరింది గానీ రంగు ముదిరిపోయింది, మీరు మా దగ్గర కొనే తాండ్ర అది కాదు. వచ్చే ఏడాదికి పైన ప్లాస్టిక్ షీటు వేసి లోపల ఎండ తగిలేలా సోలార్ పందిరి కట్టించాలని చూస్తున్నాం, వాన తగలదు, ఎండ పోదు. డబ్బు కుదరాలి.

అందుకని ఇలా చేస్తానండి. ముందు అడ్వాన్స్ కట్టినవాళ్ళకి ముందు, కట్టిన వరస ప్రకారం 140 కిలోలూ ఈ వారంలో పంపేస్తాను. పెళ్ళి సారెకి చెప్పినవాళ్ళు ముగ్గురున్నారు, ముహూర్తం ఆగదు కాబట్టి వాళ్ళది వరస దాటించి పంపుతున్నాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు. అందనివాళ్ళకి డబ్బు మొత్తం వెనక్కి వేసేస్తాను, బదులుగా పూతరేకులు కావాలంటే అవి పంపుతాను, అవి పొయ్యి మీద కుండతో చేసేవి కాబట్టి వానకి ఆగలేదు. ఎండ కాస్తే చూద్దాం, ఆగుతాం అనేవాళ్ళుంటే మృగశిర కార్తె వచ్చేదాకా, అంటే ఈ 8వ తారీకు దాకా ఆగండి, అప్పటికీ అవ్వకపోతే నేనే డబ్బు వేసేస్తాను, మీరు అడగక్కర్లేదు.

డబ్బు కావాలో, పూతరేకులు కావాలో, ఆగుతారో బుధవారం సాయంత్రంలోపు ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి. ఇవ్వాళ పొద్దున్న నాలుగు చాపలు బయట వేశాం, అత్తయ్య దగ్గరే కూర్చున్నారు, బరకం పక్కనే పెట్టుకుని.