వుడ్‌హాల్ భవనంలో మన జిల్లా పద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంగ్లండ్‌లోని పాత బంగళాల మీద మీ ఆదివారం సంచికలో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తుంటాయి. ఫొటోలు బాగుంటాయి. వాటిలో ఒక ఇల్లు మాత్రం నాకెన్నడూ కనబడలేదు. దానికీ మన ఉత్తరాంధ్రకూ లెక్క ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

దాని పేరు వుడ్‌హాల్ పార్క్. లండన్‌కు ఉత్తరాన హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, వాటన్ ఎట్ స్టోన్ అనే ఊరి దగ్గర ఉంది. మా అబ్బాయి ఉద్యోగం ఆ చుట్టుపక్కలే. పోయినేడు వాడి దగ్గర మూడు నెలలున్నప్పుడు ఒక ఆదివారం అటు నడుచుకుంటూ వెళ్లాం. చెట్ల సందుల్లోంచి లేత రంగు ఇటుకల మేడ కనిపించింది. ఎవరిదిరా ఇది అంటే ఫోన్‌లో వెతికి, “మద్రాసు గవర్నరుగా చేసినాయనదట నాన్నా, థామస్ రంబోల్డ్” అన్నాడు. నడిచేవాణ్ణి ఆగిపోయాను. విజయనగరం చరిత్ర కాస్త తిరగేసిన వాళ్లకు ఆ పేరు తెలుసు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే నిజంగా మంచి ఇల్లు. 1777లో థామస్ లెవర్టన్ అనే ఆర్కిటెక్టు మొదలుపెట్టాడు. ఇప్పుడు లోపల బడి నడుస్తోంది, టికెట్ కొని చూసే చోటు కాదు. నేను చూసింది ఫొటోలే. మెట్ల గదికి వెలుతురు పైనున్న గుమ్మటంలోంచి పడుతుంది, రాతి మెట్లు గోడనే పట్టుకుని పైకి తిరుగుతాయి. అంతకంటే నా కంటికి ఆనింది 1782 నాటి ఒక గది. గోడల మీద వందల కొద్దీ అచ్చు బొమ్మలు నేరుగా అతికించేశారు. చట్రాలు కూడా కాగితమే, వాటిని వేలాడదీసినట్టు కనిపించే రిబ్బన్లూ ముళ్లూ కాగితమే. మేకు ఒక్కటీ లేదు. ఇలాంటి గదులు ఆ దేశంలోనే కొద్దిగా మిగిలాయి. ఈ భవనం గ్రేడ్ వన్ రక్షణ జాబితాలో ఉంది. కిటికీ మార్చాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాల్సిందే. ఉండాల్సిన రక్షణే అది, నాకేం పేచీ లేదు.

ఇక పద్దు. రంబోల్డ్ 1778 ఫిబ్రవరిలో మద్రాసు గవర్నరుగా దిగాడు. అప్పటికే ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, ఊరూరా తిరిగి పంటలు, శిస్తులు, జమీందార్ల పరిస్థితి విచారించడానికి సర్క్యూట్ కమిటీ ఒకటి ఉండేది. వచ్చిన కొద్ది వారాలకే దాన్ని రద్దు చేసి, జమీందార్లనే మద్రాసు రమ్మన్నాడు. విజయనగరం నుంచి మద్రాసు రమారమి 800 కిలోమీటర్లు. రైలు లేదు, రోడ్డూ అంతంతే. పరివారంతో పల్లకీల మీద వెళ్లాలి, అప్పు చేసి వెళ్లాలి. విచారణ కమిటీ ఊళ్లోకొస్తే నలుగురూ చూస్తారు. గవర్నరు గుమ్మం దగ్గర జరిగేది ఎవరు చూస్తారు?

అక్కడ జరిగింది కొంత తర్వాత కాగితాల మీదికొచ్చింది. రంబోల్డ్ ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్‌కు విజయనగరం జమీందారు సోదరుడు సీతారామరాజు తరఫున లక్ష రూపాయల ఒప్పందం. దేనికయ్యా అంటే దివాన్‌గిరీ ఇప్పించడం, అన్నదమ్ముల మధ్య రాజీ, విజయనగరం కోట, అనకాపల్లి భూములు. మన ఊళ్ల పేర్లే! ఆ కోట ముందు నుంచే నేను ముప్పై ఏళ్లు ఆఫీసుకెళ్లాను.

రంబోల్డ్ ఆ కొద్ది కాలంలో ఇంగ్లండ్‌కు పంపిన సొమ్ము సుమారు 1,64,000 పౌండ్లని పార్లమెంటు విచారణలో తేలింది. జీతభత్యాలతో దానికి పొంతన లేదు. 1781లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు అతన్ని తొలగించారు. మరుసటి ఏడు అతన్ని శిక్షించడానికి పార్లమెంటులో బిల్లు వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి 1783లో అటకెక్కింది.

ఆడిట్‌లో పని చేసినవాణ్ణి కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ఇల్లు మొదలైంది అతను మద్రాసు రాకముందే. పునాదిలో ఉన్నది అంతకుముందు అతను బెంగాల్‌లో గడించిన డబ్బు. పంపిన సొమ్ములో కూడా పాత బెంగాల్ ఆస్తి ఉందని అతని తరఫు వాదన. కాబట్టి ఏ ఇటుక ఎవరి శిస్తో విడదీయలేం. కానీ మేడ పైకి లేస్తున్న రోజుల్లో యజమాని మద్రాసులో మన జమీందార్లను వరుసలో నిలబెట్టి ఉన్నాడన్నది తేదీలే చెబుతాయి. అన్నట్టు, 1794లో ఆ ఇల్లు కొన్నది పాల్ బెన్‌ఫీల్డ్, ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి పేరు మోసినవాడు. చివరికి ఆ బెన్‌ఫీల్డ్ దివాలా తీశాడు. 1801లో స్మిత్ అనే బ్యాంకరు చేతికొచ్చింది.

2020లో అక్కడి పాత భవనాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన కింద ఉన్న 93 చోట్లకు వలస పాలనతో, బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలను నివేదికగా వేసింది. పెద్ద గొడవే అయింది, కానీ విషయమైతే జనంలోకి వెళ్లింది. వుడ్‌హాల్ ఆ ట్రస్టుది కాదు. రక్షణ జాబితా చూసుకునేది కట్టడాన్ని, విజయనగరం వాళ్ల పద్దును కాదు. ఇది చెప్పాల్సింది మనమే.

అందుకే నా విన్నపం. మీ జిల్లా పేజీల్లో వారానికొకటి చొప్పున ఉత్తర సర్కారుల కథ వేయండి. మద్రాసు ప్రభుత్వ రికార్డులు చెన్నైలో ఉన్నాయి, కంపెనీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు, ఒక శనివారం వెళ్లి చూడమనండి. మా వాణ్ణి ఇప్పటికే పంపాను. రెడ్‌హెడ్ లక్షలో ఎంత చేతికందింది, ఎంత బాకీ ఉందో చూసి రమ్మన్నాను.

– ఒక రిటైర్డ్ ఆడిటర్, విజయనగరం