బళ్ళు వదిలేశానంటావేంట్రా

ఒరేయ్,

ఫోన్లో నువ్వన్న మాట నాలుగు రోజుల్నుంచి చెవిలో జోరీగలాగా తిరుగుతోంది. "పదిహేనేళ్ళు పిల్లలు, బళ్ళు అంటూ తిరిగి ఇప్పుడు ఇన్నోవేషన్ అని స్టార్టప్పుల వెంట పడ్డావంట గదా, డబ్బులొస్తన్నాయా" అని. డబ్బుల సంగతి ముందే చెప్తా, రావట్లా. మిగతాది ఫోన్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చో.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన రోజు గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో నీకు కాఫీ ఇప్పించా గుర్తుందా, ఇంక పనికి పోయే పిల్లల్ని బళ్ళో చేర్చే మన సంస్థకి పనుండదు మూసేద్దాం అని గొప్పగా అన్నా. మళ్ళీ మిర్చి సీజన్ రాగానే కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మూటా ముల్లె సర్దుకుని మన పల్నాడు చేలల్లో కాయ కోతకి దిగారు. పిల్లల పేర్లేమో అక్కడ బడి రిజిస్టర్లో, పిల్లలేమో ఇక్కడ చేలో. శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ వాళ్ళు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి పంపింది చూసి నేర్చుకున్నదే మా పద్ధతంతా, బడికి పోని పిల్ల ఎవరైనా సరే బాలకార్మికురాలే అన్న ఒక్క ముక్క పట్టుకుని గుడిసెల చుట్టూ తిరిగేవాళ్ళం. ఆ రోజులు బాగుండేవిరా, అలసట ఉన్నా బాగుండేవి.

తర్వాత నన్ను డైరెక్టర్ని చేశారు, అక్కడ చెడింది. బ్రాడీపేటలో ఆఫీసు, ఏసీ, నెలకో రిపోర్టు. డబ్బులిచ్చే వాళ్ళొకళ్ళు (పేరు వద్దులే) ఒక్కో పిల్ల మీద పెట్టిన రూపాయికి ఎంత ఫలితం వచ్చిందో ఎక్సెల్‌లో చూపించమన్నారు. చూపించా. పిల్లల లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి, మొహాలు మాత్రం గుర్తుండేవి కావు.

ఒకసారి మావాళ్ళకి అసర్ పద్ధతిలో చదివించడం చూపిద్దామని నేనే వెళ్ళా. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పిల్లలు ఎంతవరకు చదవగలరో చూడ్డానికి 2005 నుంచి చేస్తన్న సర్వే తెలుసుగా, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఆఖరున రెండో తరగతి స్థాయి కథ. పదకొండేళ్ళ పిల్ల, పేరా దగ్గరే ఆగిపోయింది. నేను ఫారంలో టిక్కు పెట్టుకుంటంటే పక్కన మేస్త్రీ కూలి లెక్క చెప్తన్నాడు, ఈ పిల్ల గభాల్న లేచి "మా అమ్మవి ఇంకా మూడు కేజీలు రావాల" అంది. కాటా దగ్గర నిలబడి పొద్దుట్నుంచి ప్రతి తూకం గుర్తుపెట్టుకుందంట. మళ్ళీ లెక్కేస్తే పిల్ల చెప్పిందే రైటు. నా ఫారంలో దానికి గడి లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

సరే, బయటికొచ్చా. అప్పటికి అటల్ టింకరింగ్ ల్యాబులని, పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసే గదులని బళ్ళల్లో హడావుడి, 2016లో మొదలెట్టారు, ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు. ఒక బళ్ళో చూడ్డానికెళ్తే గదికి తాళం, తీయించి చూస్తే త్రీడీ ప్రింటర్ మీద కవరు కూడా తీయలా, పాడైపోద్దని పిల్లల్ని ముట్టుకోనివ్వరంట! సామాన్లున్నాయి, చేసే పిల్లలున్నారు, ఏం చేయాలో చెప్పే మనిషే లేడు. ఆలేరు మల్లేశం గారు చీర నేతకి ముందు దారం ఆసు పోసే యంత్రం చేశాడంటే ల్యాబు ఉండి కాదు గదా, వాళ్ళమ్మ భుజం నొప్పి రోజూ కళ్ళ ముందు ఉండబట్టి. దానికే 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అందుకని నేను పెట్టుకున్న పని ఒకటే, నొప్పి ఉన్నోళ్ళనీ స్క్రూడ్రైవర్ పట్టుకున్నోళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టడం. దాన్నే ఇన్నోవేషన్ ఆర్గనైజర్ అని కార్డు మీద వేయించా, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుద్ది.

మొన్న జరిగింది చెప్తా విను. నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు మిర్చికి ముచ్చికలు తీసే మిషన్ చేసుకొచ్చారు, మోటారు, రోలర్లు, అబ్బో. మిర్చి యార్డు దగ్గర గోడౌన్లో పనిచేసే ఒక పెద్దావిణ్ణి పిలిచా. ఆవిడ అటు పక్క పడ్డ కాయలు గుప్పెట్లోకి తీసుకుని "ఇరిగినయ్ నాయనా. కాయ ఇరిగితే గింజ రాలుద్ది, గింజ రాలితే తూకం పోద్ది" అంది. ఒకడు నోట్‌బుక్ మర్చిపోయాడేమో అరచేతి మీదే రాసుకున్నాడు. ఆవిడ అంతటితో ఆగలా, "ఇరక్కుండా తీసే మిషనొస్తే మరి మాకు పనెవరిస్తారు" అంది. గదంతా సైలెంట్. నా దగ్గరా జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆఖరికి నేనే, పోనీ నీకేం కావాలో చెప్పమ్మా అన్నా. చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా, గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి. "రాత్రి మనవణ్ణి ఎత్తుకోలేను, ఆడికి మండుద్ది" అంది.

మిషన్ మూలన పడేశారు. ఇప్పుడు కుర్రాళ్ళు గ్లవుజుల మీద పడ్డారు. రబ్బరువైతే ముచ్చిక జారిపోద్ది, గుడ్డవైతే కారం లోపలికి దిగుద్ది, వేలి కొసలు గరుగ్గా ఉండేట్టు ఏదో పూత వేసి చూస్తన్నారు, నాలుగోసారి. ఇల్లంతా ఘాటే, మా అత్తగారు తుమ్మి తుమ్మి నన్ను తిడతంది.

ఈ కవర్లో ఒక జత పెట్టా. మీ ఇంట్లో ఎండుమిర్చి ఉంటే వేసుకుని ఒక వంద కాయలు తీసి చూడు, ఏ వేలు దగ్గర జారుతుందో రాయి. కళ్ళు మాత్రం నలుపుకోబాకు.

ఉంటా.